ఏ వెలుతురులో చూశావు?

జూన్ 4

అత్తా,

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను, తర్వాత బుర్ర తింటున్నానని అనకు. ఈ పరిశోధనశాలలో నేను చేసే పని, ఒకేలా ఉన్న రెండిటిని విడదీయడం.

ఇక్కడ అరవై చేపల చెరువులు ఉన్నాయి. వాటిలో ఇరవై ఎనిమిదింట్లో చేపలు చచ్చి తేలాయి. ఒక్కో చెరువు నుంచి ఒక్కో గొట్టంలో బాక్టీరియా పెంచి విడతలుగా నా ముందు పెడుతున్నారు. చిక్కేమిటంటే ఈ నీళ్లలో రెండు రకాలు ఉంటాయి. ఒకటి చేపల్ని చంపేది, రెండోది దాని దగ్గరి బంధువు, ఏ పాపం ఎరగనిది. సూక్ష్మదర్శినిలో చూస్తే అచ్చు గుద్దినట్టు ఒకటే. చేపకు ఎక్కించి చూస్తే తెలుస్తుంది కానీ అరవై గొట్టాలకూ అలా చేయాలంటే ఏడాది పడుతుంది. మాకున్నది జూలై ఇరవై వరకే. అప్పటికి తేలకపోతే అరవై చెరువులూ ఎండగట్టి సున్నం పోస్తారట. అరవై ఇళ్లవాళ్లు ఈ సంవత్సరం ఏం తినాలో ఎవరూ చెప్పడం లేదు.

నా దగ్గర ఒక చిన్న పట్టీ ఉంది. దానిలో ఇరవై గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో రకం మేత. బాక్టీరియా తన ఎంజైములతో ఆ మేతను విరగ్గొడితే గుంటకు రంగు వస్తుంది. రంగు వచ్చిందా, రాలేదా అని మాత్రమే రాసుకోవడం ఇక్కడి పద్ధతి. అలా రాస్తే రెండు రకాలకూ జవాబులు ఒకటే. అందుకే మా పెద్దసారు చేతులెత్తేశాడు.

అప్పుడు నాకు నీ వంటింటి నేల గుర్తొచ్చింది. నువ్వు అద్దకం మిల్లు నుంచి తెచ్చిన దారం ముక్కలన్నీ పరిచి, ‘ఎరుపా కాదా అని గుడ్డివాడు కూడా అడుగుతాడే, ఎంత ఎరుపో చెప్పు’ అనేదానివి. నేనూ అదే చేస్తున్నాను. ప్రతి గుంటకూ సున్న నుంచి అయిదు దాకా అంకె వేస్తున్నాను. ఏ రెండు గొట్టాలనైనా పక్కపక్కన పెట్టి, గుంటకు గుంట తేడా తీసి, తేడాలన్నీ కూడితే అది ఆ రెండిటి మధ్య దూరం. అరవై గొట్టాలకు పదిహేడు వందల డెబ్బై జతలు. కంప్యూటరు ఆ దూరాలన్నీ చూసి ఎవరు ఎవరికి దగ్గర చుట్టమో కొమ్మల బొమ్మ గీస్తుంది.

మోకాలి నొప్పి ఎలా ఉంది?

నీ మేనకోడలు పిల్ల

జూన్ 9

ఏమే కోడలా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి నా పేరు చెప్పి నువ్వు పెద్దసారు దగ్గర పని నడుపుతున్నావని అర్థమైంది. పర్లేదు, నడుపుకో.

కూడికలు తీసివేతలు కంప్యూటరు చేస్తుంది సరే, రంగు చూసేది మాత్రం నువ్వే కదా. తొందరపడకు. అలిసిపోయిన కన్ను అబద్ధం చెబుతుంది. పది ముక్కలు చూశాక కాసేపు తెల్ల గోడను చూడు. నేను ముప్పై ఏళ్లుగా అదే చేస్తున్నాను.

మోకాలు బాగానే ఉంది. పై వాటా ఆయన మౌతార్గాన్ నేర్చుకుంటున్నాడు. ఒకే పాట, ఒకే చోట తప్పుతాడు. మధ్యాహ్నం పూట మొదలుపెడతాడు, సరిగ్గా నేను నడుం వాల్చే వేళకు. నిన్న మెట్లెక్కి వెళ్లి ‘బాబూ, ఆ తప్పు దాకా వచ్చాక ఆపేయి, అక్కడి నుంచి నేను ఊహించుకుంటాను’ అన్నాను. నవ్వాడు కానీ ఆపలేదు.

వేళకు తిను. నీ చేతిరాత చూస్తే తింటున్నట్టు లేదు.

రంగులత్త

జూన్ 21

అత్తా, అత్తా, అత్తా,

విడిపోయాయి!

బొమ్మ తెర మీదికి వచ్చింది. రెండే రెండు పెద్ద కొమ్మలు, మధ్యలో ఏనుగు పట్టేంత సందు. ఎడమ కొమ్మ మీద ఇరవై ఎనిమిది, కుడి కొమ్మ మీద ముప్పై రెండు. ఎడమవైపు ఉన్నవన్నీ, విను, అన్నీ చేపలు చచ్చిన చెరువులవే! కుడివైపు అన్నీ బతికిన చెరువులవి. ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పిపోలేదు.

పెద్దసారు కుర్చీ లోంచి లేచాడు. ఆయన కుర్చీ లోంచి లేవడం నేనెప్పుడూ చూడలేదు. గొట్టాలు కడిగే ఆవిడ నా చేయి పట్టుకుని రెండు చుట్లు తిప్పింది. నివేదిక రాసి ఇచ్చేశాను. ఆ ఇరవై ఎనిమిది చెరువులకే సున్నం పోస్తారు, మిగతా ముప్పై రెండు ఇళ్లూ గట్టెక్కినట్టే.

ఇంకో మాట. రెండో వారం నన్ను ముందు గది నుంచి వెనక గదికి మార్చారు, ముందు గది గోడలకు సున్నం కొడుతున్నారని. ఇరుకు గదే కానీ నాకిప్పుడు ఇరుకు తెలియడం లేదు. కాళ్లు నేల మీద ఆనడం లేదు.

నువ్వు మధ్యాహ్నం నడుం వాలుస్తున్నానని రాశావు. మిల్లుకు వెళ్లడం లేదా?

నీ కోడలు

జూన్ 25

కోడలా,

సంతోషం. నిజంగా సంతోషం. నీ ఉత్తరం పట్టుకుని పక్కింటి ఆవిడకు చదివి వినిపించాను, బాక్టీరియా అంటే ఏమిటని అడిగింది, నువ్వు మొదటి ఉత్తరంలో చెప్పింది చెప్పాను, ఆవిడ ఆ రోజు నుంచి చేప కొనడం మానేసింది.

గోడల సున్నం పేరు చెప్పి నిన్ను వెనక గదికి నెట్టేశారా? ఏమన్నా అన్నావా వాళ్లని? మీ నాన్నకు ఫోన్ చేసి చెప్పాను, నీ ఉద్యోగానికి ఏదో అయినట్టుందని. కంగారు పడుతున్నాడు, ఒక ముక్క రాయి.

ఒక్క ప్రశ్న. ఒక్కటే. ఆ రంగులు ఏ వెలుతురులో చూశావు?

ఇంత శుభ్రంగా విడిపోయాయంటే నాకెందుకో మనసు ఒప్పడం లేదు. రంగులు అంత మర్యాదగా ఉండవు.

నాకు కాస్త సెలవు ఇచ్చారులే. మోకాలి కోసం.

రంగులత్త

జూన్ 29

గౌరవనీయులైన మేనత్త గారికి,

మీ ఉత్తరం అందింది. మా నాన్నగారు పని మానేసి బస్సెక్కి ఇక్కడికి వచ్చారు. నా ఉద్యోగం పోయిందని ఓదార్చడానికి పెద్దసారు ఎదుటే నా తల నిమిరారు. ఉద్యోగం ఉందని చెప్పినా నమ్మలేదు. సాయంత్రం దాకా బల్ల పక్కన కూర్చుని, పోయే ముందు పెద్దసారుకు దణ్ణం పెట్టి మరీ వెళ్లారు.

వెలుతురు సంగతి. నేను కళ్లున్న మనిషినే. రంగుల అట్ట పక్కన పెట్టుకుని, గుంట గుంటకూ పోల్చి, అంకె వేశాను. పన్నెండు వందల గుంటలు. జీవితంలో మొదటిసారి ఒక పని సాధించానని రాస్తే, మీకు మనసు ఒప్పడం లేదన్నారు. చిన్నప్పుడు కూడా అంతే, నేను ఏ దారం తీసినా మీరు ఇంకోటి తీసేవారు.

మోకాలు జాగ్రత్త.

మీ మేనకోడలు

జూలై 2

ఏమే,

నన్ను ‘మీరు’ అంటావా? నిన్ను చంకనేసుకుని దవాఖానా చుట్టూ తిరిగినదాన్ని, నన్ను గారు అంటావా? మీ నాన్న సంగతి నా తప్పే, ఒప్పుకుంటాను. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, సగం విని పరిగెత్తుతాడు. నేను కూడా సగమే చెప్పినట్టున్నాను.

కానీ నా ప్రశ్నకు నువ్వు జవాబు చెప్పలేదు. కోపం వచ్చింది సరే, కోపం జవాబు కాదు.

ఈ కవరులో రెండు గుడ్డ ముక్కలు పెట్టాను. నీకున్న కోపంతో చింపేయకు. వెనక గదిలో దీపం కింద పెట్టి చూడు. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడు. ఆ తర్వాత నన్ను ఎన్ని తిడతావో తిట్టు, పడతాను.

అత్త

జూలై 6

అత్తా,

తిట్టడానికి నోరు లేదు.

నీ గుడ్డ ముక్కలు రెండూ వెనక గది బల్బు కింద ఒకటే రంగు. నాకు నవ్వొచ్చింది, ఒకే గుడ్డను రెండుగా కత్తిరించి పంపిందేమిటి అనుకున్నాను. గడియారం చూసుకుంటూ ముందు గది కిటికీ దాకా నడిచాను. కిటికీ దగ్గర ఒకటి ముదురు ఎరుపు, ఒకటి గోధుమ. నా చేతిలోనే మారిపోయాయి.

అక్కడే నిలబడి లెక్క కట్టుకున్నాను. చేపలు చచ్చిన చెరువుల గొట్టాలు మొదటి వారం వచ్చాయి. వాటిని ముందు గదిలో కిటికీ పక్కన చూశాను. బతికిన చెరువులవి రెండో వారం వచ్చాయి. వాటిని వెనక గదిలో పసుపు బల్బు కింద చూశాను. ఇరవై ఎనిమిది ఇక్కడ, ముప్పై రెండు అక్కడ. కంప్యూటరు బాక్టీరియాను విడదీయలేదత్తా, నా రెండు గదుల్ని విడదీసింది.

అయినా నమ్మకం కలగక అయిదు గొట్టాలు మళ్లీ పట్టీల్లో పోశాను. అదే పట్టీని కిటికీ దగ్గరొకసారి, బల్బు కింద ఒకసారి చూశాను. ఇరవై గుంటల్లో ఎనిమిది గుంటల అంకె మారింది. కిటికీ దగ్గర నాలుగు వేసిన నారింజ గుంటకు, రంగుల అట్ట పక్కనే ఉన్నా, పసుపు బల్బు కింద రెండే వచ్చింది. గొట్టాలు కడిగే ఆవిడ చేత అంకెలు వేయించాను, పెద్దసారు చేత కూడా వేయించాను. మూడు జతల కళ్లు, అందరికీ అదే తేడా. 

నివేదిక వెనక్కి తీసుకుంటానని పెద్దసారుతో చెప్పాను.  ‘ఈ గదిలో ఇచ్చిన నివేదికను వెనక్కి అడిగినవాళ్లు ఇంతవరకు లేరు’ అన్నాడు. సున్నం బస్తాలు చెరువు గట్ల మీద దించేశారట. ఇరవయ్యో తారీఖు మారదట. ఈ లోపు అరవై గొట్టాలూ మళ్లీ చూడగలిగితే చూడు, లేకపోతే అన్ని చెరువులకూ పోస్తారు అన్నాడు.

ఏ చెరువు గొట్టమో ముగ్గురిలో ఎవరికీ తెలియకుండా, పేర్లు మడత చీట్లలో మూసి, గొట్టాలు కడిగే ఆవిడ వాటిని కలిపి అంకెలు అంటిస్తోంది. ఏ రోజు ఏ గొట్టమో కూడా చీటీ తీసే చెబుతుంది. రోజుకు పది. పొద్దున పది నుంచి పన్నెండు లోపు, కిటికీ పక్కన. మబ్బు పడితే చూడను.

నువ్వెలా కనిపెట్టావు? అంత దూరం నుంచి?

నీ కోడలు (మీ కాదు)

జూలై 9

కోడలు పిల్లా,

కనిపెట్టలేదే. నా నెత్తి మీద పడింది కాబట్టి తెలిసింది.

నాకిచ్చింది సెలవు కాదు. మోకాలికి ఏ రోగమూ లేదు. మార్చి నెలలో మిల్లులో కొత్త మెషిను పెట్టడానికి నా బల్లను కిటికీ దగ్గర నుంచి తీసి మధ్యలో వేశారు, తల మీద కొత్త దీపాలు. నేనేమీ అనలేదు, ముప్పై ఏళ్ల అనుభవం ఉందని పొగరు. ఒక పెద్ద బేరం, స్కూలు పిల్లల చొక్కాల గుడ్డ, నేనే సరిచూసి సంతకం పెట్టి పంపాను. కుట్టి ఎండలోకి తెచ్చేసరికి ఒంటికి ఒక రంగు, చేతులకు ఒక రంగు. మొత్తం తిరిగొచ్చింది. మేనేజరు మర్యాదగానే అన్నాడు, ‘అమ్మా, కళ్లకు విశ్రాంతి ఇవ్వండి’ అని. మిల్లంతా నిలబడి చూస్తుండగా అన్నాడు.

నా కళ్లు పోయాయనే నేను కూడా అనుకున్నాను. నెల రోజులు అద్దంలో చూసుకోలేదు. ఒకరోజు తిరిగొచ్చిన ఆ గుడ్డ ముక్కలు రెండు తీసి కిటికీలో పెట్టి చూస్తే తేడా నాకు స్పష్టంగా కనిపించింది. వంటింటి దీపం కింద పెడితే మాయమైంది. కన్ను బాగానే ఉంది, వెలుతురు మోసం చేసింది. ఆ మాట మిల్లులో చెబితే సాకు అంటారని నోరు మూసుకున్నాను. నీకు పంపినవి ఆ ముక్కలే.

నువ్వు గెలిచానని రాసిన రోజు నేను కూడా అలాగే సంతకం పెట్టిన రోజు గుర్తొచ్చింది. అందుకే అడిగాను. నిన్ను చిన్నబుచ్చడానికి కాదు. నాకైతే తిరిగొచ్చింది గుడ్డ. నీకు అలా కాకూడదని భయపడ్డాను.

నువ్వు నివేదిక వెనక్కి అడిగావని చదివి ఏడ్చాను. నేను చేయలేని పని అది.

మబ్బు పట్టకుండా చూడమని ఎవరిని అడగాలో తెలియక పై వాటా ఆయన్ని మౌతార్గాన్ ఆపమన్నాను. ఆపాడు.

అత్త

జూలై 19

అత్తా,

కూర్చుని చదువు.

రెండు రోజులు మబ్బు. అయినా పద్నాలుగో తారీఖుకు అరవై గొట్టాలూ అయ్యాయి, ముగ్గురం విడివిడిగా చూసి అంకెలు వేశాం. కంప్యూటరు మళ్లీ బొమ్మ గీసింది. ఈసారి కూడా రెండు కొమ్మలే! కానీ అవి వేరే కొమ్మలు. ఒకదాని మీద పంతొమ్మిది, రెండోదాని మీద నలభై ఒకటి. గదికీ, రోజుకూ, మనిషికీ ఏ సంబంధమూ లేదు. మొదటిసారి ఉన్నంత సందు లేదు కానీ, ఉన్న సందు గట్టిది. నారింజ గుంటలు మూడు, ఊదా గుంట ఒకటి, ఆ నాలుగే తేడాలో ఎక్కువ భాగం మోస్తున్నాయి. రెండు రకాలకూ ఆ ఎంజైములు ఉన్నాయి, ఒకదానికి బోలెడు, ఒకదానికి కొంచెం. అవునా కాదా అని అడిగినంత కాలం అది దాక్కుంది.

చీట్లు విప్పి చెరువుల పేర్లు చూశాం. పంతొమ్మిదిలో పదిహేడు గొట్టాలు చేపలు చచ్చిన చెరువులవి. రెండు మాత్రం చేపలు ఇంకా హాయిగా తిరుగుతున్న చెరువులవి! ఇక ఆ ఇరవై ఎనిమిదిలో మిగిలిన పదకొండు చెరువుల్లో ఉన్నది పాపం ఎరగని రకమే. పెద్దసారు అప్పటికప్పుడు నీటి లెక్కలు తెప్పించాడు. ఎండలకు నీళ్లలో గాలి అయిపోయి ఊపిరాడక చచ్చాయి అక్కడి చేపలు. నా మొదటి నివేదిక నిలబడి ఉంటే ఆ పదకొండు ఇళ్ల చెరువులకూ ఊరికే సున్నం పోసేవాళ్లం, ఆ రెండు చెరువుల నుంచి రోగం మిగతా అన్నిటికీ పాకేది.

పెద్దసారు అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. ముందే పేరు తెలిసిన పన్నెండు గొట్టాలు ప్రధాన కార్యాలయం నుంచి తెప్పించి, పేర్లు కవరులో పెట్టి సీలు వేసి, ‘చెప్పు’ అన్నాడు. కిటికీ దగ్గర కూర్చున్నాను. పదకొండు గొట్టాలకు ఏ కొమ్మో రాశాను. పన్నెండోది ఏ కొమ్మకూ అతకలేదు.  ఏదో ఒకటి రాసేద్దామా అనిపించింది. నీ మాట గుర్తొచ్చి తెల్ల గోడ చూశాను, మళ్లీ పట్టీ చూశాను. ‘ఇది రెండిట్లో దేనిలోనూ చేర్చను’ అని రాశాను.

కవరు చింపాడు. పదకొండుకు పదకొండూ సరి. పన్నెండో గొట్టంలో కావాలనే రెండు రకాలూ కలిపి పోశాడట. ఆయన మళ్లీ కుర్చీ లోంచి లేచాడు. ఈసారి నాకు ఆ కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. కూర్చున్నాను అత్తా!

ఈ ఉదయం ఆ పదకొండు చెరువుల గట్ల మీది నుంచి సున్నం బస్తాలు వెనక్కి వెళ్లాయి. ఆ ఇళ్లలో ఒకాయన మా గేటు దగ్గర నిలబడి గంటసేపు ఏడ్చి వెళ్లాడు. ఆ రెండు చెరువులకు మొన్ననే అడ్డుకట్ట వేసి మూసేశారు. ఒకదానిలో నిన్న సాయంత్రమే మొదటి పుండ్లు కనిపించాయి. అంటే మనం ఒక్క రోజు ముందున్నాం.

నివేదిక ప్రతి పంపుతున్నాను. పదకొండో పేజీ చూడు. రెండు వెలుతురుల పట్టిక అక్కడ ఉంది, మూడు జతల కళ్లతో. పెద్దసారు సంతకం కూడా ఉంది. దాన్ని ఎవరికి చూపించాలో నీకు తెలుసు.

నాన్నకు నేనే ఫోన్ చేసి మొత్తం చెప్పాను. బస్సెక్కొద్దని రెండుసార్లు చెప్పాను.

నీ కోడలు

జూలై 24

కోడలా,

మీ నాన్న బస్సెక్కాడు. ఈసారి నా దగ్గరికి వచ్చాడు. గుమ్మంలోనే మొదలుపెట్టి నీ గొప్ప నాకే చెప్పాడు, నాకేమీ తెలియనట్టు. నేను కూడా తెలియనట్టే విన్నాను.

నీ నివేదికలో అంకెలు నాకు ఎక్కలేదు. పదకొండో పేజీ మాత్రం పట్టిక మొత్తం చూశాను. ఆ కింద వాక్యం చూశాను. ‘ఏ వెలుతురులో చూశావని అడిగింది రంగులు సరిచూసే మా మేనత్త. ఆ ప్రశ్న లేకపోతే ఈ నివేదిక తప్పు.’ దాన్ని మీ నాన్న గట్టిగా చదివాడు. మళ్లీ చదవమన్నాను.

మర్నాడు మంచి చీర కట్టుకుని మిల్లుకు వెళ్లాను. మేనేజరుతో కాదు, యజమానితోనే పని ఉందన్నాను. కాగితం బల్ల మీద పెట్టలేదు, ముందు రెండు గుడ్డ ముక్కలు పెట్టాను, నువ్వు తిరిగి పంపినవే. ‘ఇవి ఒకటేనా అయ్యా’ అన్నాను. దీపం కింద చూసి ‘ఒకటేగా’ అన్నాడు. ‘కాస్త పెరట్లోకి రండి’ అన్నాను. వచ్చాడు. ఎండలో చూసి, నన్ను చూసి, మళ్లీ చూశాడు. మేనేజరును పిలిచి అతని చేతిలో పెట్టాడు. అప్పుడు కాగితం ఇచ్చాను. యజమాని నిలబడే చదివాడు.

‘తప్పు మా దీపాలదమ్మా, మీ కళ్లది కాదు’ అన్నాడు. మిల్లంతా వింటుండగా అనమన్నాను. అన్నాడు.

పేజీ అంచు కాస్త నలిగింది, ఏమనుకోకు. మిల్లులో అందరి చేతులూ మారింది. చేప కొనడం మానేసిన పక్కింటి ఆవిడ నిన్న మళ్లీ కొన్నది, నీ బొమ్మలో నలభై ఒకటి ఉన్న కొమ్మ వైపుదో కాదో కనుక్కుని మరీ.

నువ్వు చిన్నప్పుడు తీసిన దారాలు తప్పని నేనెప్పుడూ అనలేదే. నువ్వు తీసినదాని పక్కన ఇంకోటి పెట్టేదాన్ని, తేడా నీకు నువ్వే చూస్తావని. ఈ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది.

ఈ ఉత్తరం ఇంట్లో రాయడం లేదు. నలుగురు మనుషులు మోసుకొచ్చి పాత చోటే వేసిన నా బల్ల దగ్గర, కిటికీ పక్కన కూర్చుని రాస్తున్నాను. పదిన్నర అయింది, మబ్బు లేదు. ముందు ఇరవై ముక్కలు ఉన్నాయి, ఇప్పటికి రెండు వెనక్కి పంపాను.

నీ రంగులత్త